మచ్చల పెంకుపురుగు: ఒక జాతి వర్ణన చరిత్ర

హోసూరు నుండి కృష్ణగిరికి పోవు రాజమార్గమునకు ఇరుప్రక్కల, వానలు పడిన పిమ్మట, వయ్యారిభామ మొక్కలు మోకాలి యెత్తు పెరిగి తెల్లని పూలు పూయును. వానిని దగ్గరగా చూచినచో కొన్నిచోట్ల ఆకులు జల్లెడవలె తూట్లు పడి, మరికొన్నిచోట్ల ఈనెలు మాత్రమే మిగిలి కనబడును. ఆ ఆకుల నడుమ సుమారు ఆరు మిల్లీమీటర్ల పొడవు గల చిన్న పెంకుపురుగు ఒకటి తిరుగుచుండును. దాని వీపు మీగడ రంగు. ఆ మీగడ రంగుపై ముదురు గోధుమవన్నె చారలును మచ్చలును నిలువుగా పరచుకొని యుండును. తలయు, దాని వెనుకటి భాగమును గోధుమవన్నెవే. శాస్త్రజ్ఞులు దీనిని జైగోగ్రామా బైకలరాటా అందురు.

ఈ పురుగు ఈ నేలపై పుట్టినది కాదు. దీని పుట్టినిల్లు మెక్సికో. దీనిని మొదట వర్ణించి పేరుపెట్టిన గ్రంథము 1953లో న్యూయార్కు నగరమున వెలువడినది. ఈ పురుగును భారతదేశమున విడిచిపెట్టినది 1984లో, హోసూరునకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్న బెంగుళూరు నగరమున. ఆ మీదట పది సంవత్సరములు గడువకముందే దీని పేరేమి యను ప్రశ్న శాస్త్రజ్ఞుల నడుమ వివాదమై, ప్రభుత్వము వరకు పోయినది. పురుగుల చారలు, మచ్చలు లెక్కించి పేర్లు పెట్టుట పండితుల కాలక్షేపమని తలచువారు గలరు. ప్రొద్దుతిరుగుడు వేసిన రైతునకు ఆ దినములలో అది కాలక్షేపము కాలేదు.

పురుగులను గుర్తించు చూపు తెలుగువారికి లేకపోలేదు. ఆరుద్ర కార్తెలో ఎర్రపట్టువలె మెత్తగా నేలపై ప్రాకు దానిని ఆరుద్ర పురుగనిరి. (పురుగన్న మాటయే గాని అది ఎనిమిది కాళ్ల జీవి, సాలెపురుగునకు చుట్టము.) చీకటిలో మెరయునది మిణుగురు. పేడను ఉండచేసి దొరలించునది పేడపురుగు. పిల్లలు అగ్గిపెట్టెలో దాచి ఆకులు మేపునది జీరంగి. గుమ్మడి, దోస పాదుల లేతాకులను తూట్లు పొడుచు నారింజవన్నె పురుగు గుమ్మడి పెంకుపురుగు. హోసూరు సీమలో తెలుగు రైతు పెంకుపురుగనుదానిని తమిళ రైతు వండు అనును, కన్నడ రైతు దుంబి అనును. మూడు భాషలు ఒకే వీధిలో వినబడు ఈ ప్రాంతమున పేరు మారినంత మాత్రమున వస్తువు మారదని చిన్నపిల్లలకు సైతము తెలియును. ఒకే పేరు రెండు వస్తువులకు పడినప్పుడు కలుగు చిక్కు దీనికంటె పెద్దది.

అక్షింతల పురుగు దీనికి తగిన నిదర్శనము. గుండ్రని వీపుపై నల్లచుక్కలు గల చిన్న పురుగులన్నిటికిని మనవారు ఆ పేరే వాడుదురు. వీనిలో అధికభాగము పేనుబంకను తిని పైరును కాపాడునవి. వంగతోటలో ఆకుల పచ్చదనమును గీకి తిని, ఆకును వలవలె ఎండబెట్టునది మరియొకటి. అదియు అక్షింతల పురుగే. ఒకటి రైతునకు కూలి అడుగని పనివాడు, రెండవది దొంగ. మేలుచేయు వానిలో పెక్కింటి వీపు నున్నగా మెరయుచుండును. వంగ పురుగు వీపుపై సన్నని నూగు ఉండుటచే మెరుపు తగ్గియుండును. ఈ భేదము నెరుగని రైతు మందు కొట్టినచో ఇద్దరును చత్తురు. ఆ వంగ పురుగును 1775లో ఫాబ్రీషియస్ అను డేన్మార్కు పండితుడు వర్ణించి, ఇరువదియెనిమిది చుక్కలు గలది అని అర్థమిచ్చు లాటిను పేరు పెట్టెను. వాడుకలోని తెలుగు పేరు రెండింటిని కలిపివేయగా, పలుకుటకు నోరు తిరుగని ఆ లాటిను పేరు వానిని విడదీసినది.

అయితే అక్షింతల పురుగులు ఈ వ్యాసమునకు ముఖ్యమైన కుటుంబములోనివి కావు. ఆకు పెంకుపురుగులది క్రైసోమెలిడే అను వేరు కుటుంబము. ప్రపంచమున ఇంతవరకు వర్ణింపబడిన ఈ కుటుంబపు జాతులు 30,000కు పైబడినవి. గుమ్మడి పెంకుపురుగు వీనిలోనిదే. ఎక్కువభాగము ఏదో ఒక మొక్కను గాని, దగ్గర చుట్టరికము గల కొలది మొక్కలను గాని ఆశ్రయించి బ్రదుకును. వీని స్వభావములో ముఖ్యమైనది ఈ విషయమే. పురుగు పేరు తెలిసినచో దాని భోజనమేదో తెలియును. పేరు తప్పినచో భోజనము గూర్చిన లెక్కయు తప్పును.

పేరు పెట్టుటలో ఒక పద్ధతిని స్థాపించినవాడు స్వీడను దేశీయుడైన లిన్నేయస్. జంతువుల పేర్లకు 1758లో వెలువడిన ఆయన గ్రంథపు పదవ కూర్పును మొదలుగా లెక్కింతురు. ప్రతి జీవికి రెండు మాటల పేరు: మొదటిది ప్రజాతిని, రెండవది జాతిని తెలుపును. తెలుగువారికి ఇది క్రొత్తగా తోచనక్కరలేదు. ముందు ఇంటిపేరు, వెనుక సొంతపేరు వ్రాసికొనుట మనకు అలవాటే. ఒకే ఇంటిపేరు గల అన్నదమ్ములలో ఒకడు సాధువు, మరియొకడు గయ్యాళి కావచ్చును. ముందు చెప్పబోవు కథలో సరిగా ఇదియే జరిగినది.

లిన్నేయస్ శిష్యులలో ఇద్దరు దక్షిణ భారతమునకు సంబంధించినవారు. మొదటివాడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. ఆయన 1768లో తరంగంబాడిలోని డేనిష్ మిషనునకు వైద్యుడుగా వచ్చెను. ఆ రేవు అప్పుడు డేన్మార్కు వారి అధీనములో ఉండెను. తరువాత ఆర్కాటు నవాబు కొలువులోను, ఆ పిమ్మట ఈస్టిండియా కంపెనీ కొలువులోను ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా పనిచేసెను. మొక్కలే ఆయనకు ప్రధానమైనను పురుగులను విడువలేదు. తంజావూరు సీమ చెదలను గూర్చి వ్రాసెను. కోనిగ్ తుదిదినములు తెలుగుదేశమున గడచినవి. 1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున ఆయన మరణించెను. ఆ కాలమున సామర్లకోటలో నున్న వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గు ఆయనకు మిత్రుడు. కోనిగ్ పేరు నేటికిని మన వంటింట నిలిచియున్నదని పెక్కుమంది యెరుగరు: కరివేపాకు శాస్త్రీయ నామములోని రెండవ మాట కోనిగీ. ప్రత్తికాయలపై గుంపులు గుంపులుగా చేరు ఎర్రని నల్లికి ఫాబ్రీషియస్ పెట్టిన పేరులోను ఆయనయే గలడు.

రెండవవాడు ఆ ఫాబ్రీషియస్. ఆయన భారతదేశమునకు రాలేదు. కోనిగ్ వంటివారు పంపిన పురుగులను యూరపులో కూర్చుండి పరిశీలించెను. లండనులో సర్ జోసెఫ్ బ్యాంక్స్ సేకరించిన వానిని పలుమారులు పోయి చూచెను. ఆయన జీవితకాలమున వర్ణించిన కీటకములు సుమారు 10,000. 1775 నాటి గ్రంథములో ఆయన వర్ణించిన వానిలో ఒకటి నేటికిని దక్షిణదేశమున తూటి తీగలపైనను, గెనుసుగడ్డ పాదులపైనను కనబడు మచ్చల తాబేటి పెంకుపురుగు. దీని ప్రస్తుత నామము అస్పిడిమార్ఫా మిలియారిస్. ఆకు పెంకుపురుగుల కుటుంబములో ఇంత చూడముచ్చటయైనది అరుదు. వీపు పెంకు నలువైపుల అంచు దాటి, గాజుపలకవలె పారదర్శకముగా విస్తరించియుండును. నడుమ నల్లని చుక్కలు. ఆపద వచ్చినచో కాళ్లు, తల ఆ పెంకు క్రిందికి ముడుచుకొని ఆకునకు అంటుకొని పోవును.

ఆ నాటి వర్ణనలు మిక్కిలి పొట్టివి. ఒకటి రెండు లాటిను వాక్యములు, దొరకిన దేశము పేరు, పంపినవాని పేరు, అంతే. తెలిసిన జాతులు కొద్దిగా నున్నంత కాలము అది చాలెను. ఒక ఊరిలో రామయ్య యను పేరు గలవాడు ఒక్కడే యున్నప్పుడు రామయ్య అనిన చాలును. పదిమంది రామయ్యలు చేరినప్పుడు ఇంటిపేరు, తండ్రిపేరు, వీధి చెప్పవలసివచ్చును. పందొమ్మిదవ శతాబ్దమున సేకరణలు వేలకొలది పెరుగగా, ఫాబ్రీషియస్ చెప్పినది ఈ పురుగా ఆ పురుగా యను సంశయములు మొదలైనవి. వానిని తీర్చుటకు ఒకటే మార్గము: ఆయన చూచిన ఆ పురుగునే మరల చూచుట. ఇందువలననే ప్రమాణ నమూనా యను ఏర్పాటు బలపడినది. క్రొత్త జాతిని వర్ణించువాడు తాను ఏ పురుగును ఎదుట పెట్టుకొని వర్ణించెనో దానిని సూదికి గ్రుచ్చి, చీటీ కట్టి, ఒక ప్రదర్శనశాలలో భద్రపరుపవలెను. పేరు ఆ ఒక్క పురుగుతో ముడిపడియుండును. వర్ణనలో మాట జారినను నమూనా సాక్ష్యము చెప్పును. భూమి తగవులో పాత దస్తావేజు వంటిది ఈ నమూనా.

భారతదేశపు ఆకు పెంకుపురుగులను ఒకచోట చేర్చిన మొదటి గ్రంథము 1908లో బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో వెలువడినది. గ్రంథకర్త మార్టిన్ జాకోబీ వృత్తిచేత వయొలిన్ విద్వాంసుడు. నాటకశాలల వాద్యబృందములలో వాయించుచు, వయొలిన్ పాఠములు చెప్పుచు, మిగిలిన కాలమున పెంకుపురుగులను వర్ణించెను. గ్రంథము అచ్చుపడి వచ్చుటకు ముందే, 1907లో మరణించెను. ఆ పనిని కొనసాగించినవాడు భారతీయుడు. వంగదేశీయుడైన సమరేంద్ర మౌలిక్ 1919, 1926, 1936 సంవత్సరములలో మూడు సంపుటములు వ్రాసెను. తాబేటి పెంకుపురుగులు 1919 సంపుటములోను, గుమ్మడి పెంకుపురుగు చేరిన ఉపకుటుంబము 1936 సంపుటములోను వచ్చినవి. దక్షిణదేశమున వ్యవసాయమునకు సంబంధించిన పురుగులను గూర్చి మద్రాసులో 1914లో ఫ్లెచరు గ్రంథమును, 1940లో టి.వి. రామకృష్ణ అయ్యరు గ్రంథమును వెలువడినవి. వీనిలో ఏదియు తెలుగులోనికి రాలేదని వేరుగ చెప్పనక్కరలేదు. మన భాషలో వృక్షములకు నిఘంటువులు కలవు, ఓషధులకు కలవు. పురుగులకు వాడుక మాటలే దిక్కు.

క్రొత్త జాతిని వర్ణించుట యెట్లో ఇచట కొంత చెప్పుట అవసరము. దొరకిన పురుగు క్రొత్తదని చెప్పుటకు ముందు, ఆ ప్రజాతిలో ఇదివరకు పేరుపొందిన వానినన్నిటిని దగ్గర పెట్టుకొని పోల్చవలెను. పొడవు, వెడల్పు కొలువవలెను. మీసములకెన్ని కణుపులో, వానిలో మూడవది రెండవదానికంటె పొడవో పొట్టియో చూడవలెను. రెక్కల పెంకులపై సూదిమొనతో పొడిచినట్లుండు గుంటలు వరుసగా నున్నవో చెదరియున్నవో గమనింపవలెను. చారలు, మచ్చలు ఎన్ని, ఏవి ఏ స్థానమున కలియుచున్నవి యను సంగతి బొమ్మతో చూపవలెను. రంగును పూర్తిగా నమ్మరాదు. ఒకే తల్లి పిల్లలలో మచ్చలు కొన్నిటికి విడిగాను, కొన్నిటికి కలసిపోయియు ఉండవచ్చును. అందుచేత ఇరువదవ శతాబ్దపు పరిశోధకులు మగపురుగు కడుపు కోసి జననాంగపు ఆకారమును కూడ చిత్రించుచు వచ్చిరి; దగ్గర జాతులను వేరుపరచుటకు అది మచ్చలకంటె నమ్మదగినది. ఇప్పుడు వీనికి తోడుగా జన్యుపదార్థమును పోల్చు పద్ధతియు వచ్చినది. ఇంత చేసి, అచ్చువేసి, నమూనాను భద్రపరచినప్పుడే పేరు చెల్లును.

ఇక మెక్సికో సంగతి. 1947లో న్యూయార్కులోని అమెరికను ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాల పక్షమున డేవిడ్ రాక్‌ఫెల్లర్ పేరిట ఒక అన్వేషక బృందము ఉత్తర మెక్సికోనకు పోయినది. అందు దొరకిన ఆకు పెంకుపురుగులను జాన్ పాలిస్టర్ పరిశీలించి, 1953లో ఆ ప్రదర్శనశాల ప్రచురణలలో ఒక వ్యాసము వెలువరించెను. అందులో ఒక క్రొత్త జాతికి ఆయన పెట్టిన పేరు బైకలరాటా, అనగా రెండు రంగులది. ప్రజాతి జైగోగ్రామా, జతగూడిన గీతలు గలది అని దాని భావము. ఆ పురుగు ఏ దేశమునకైనను పనికివచ్చునని ఆ కాలమున ఎవరు తలంతురు? ఆ వ్యాసము వేలకొలది అట్టి వ్యాసముల నడుమ గ్రంథాలయముల అరలలో చేరినది.

అది వెలువడిన రెండు సంవత్సరములకు, 1955లో, పూనా నగరమున ఒక చెత్తకుప్పపై ఒక క్రొత్త మొక్క కనబడినది. లిన్నేయస్ 1753లోనే పార్థీనియం హిస్టెరోఫోరస్ అని పేరుపెట్టిన అమెరికా ఖండపు మొక్క అది. విదేశముల నుండి దిగుమతియైన గోధుమలతో దాని గింజలు వచ్చెనని అధికుల విశ్వాసము. తెలుగువారు దానిని వయ్యారిభామ అనిరి. గాలికి ఊగు తెల్లని పూలగుత్తులను చూచి ఆ పేరు పెట్టిన పల్లెవాని రసికతను మెచ్చుకొనవలెను. కాంగ్రెస్ గడ్డి అను పేరును కలదు. తెల్లపూలు గాంధీ టోపీలవలె నుండుటచే వచ్చెనని చెప్పుదురు. పేరు ఎంత ముద్దైనను మొక్క స్వభావము క్రూరము. ఒక్కొక్క మొక్క వేలకొలది గింజలు రాల్చును. తన చుట్టు ఇతర మొక్కలను ఎదుగనీయదు. తాకినవారిలో కొందరికి చర్మముపై దురద, పుండ్లు పుట్టించును. పుప్పొడి పీల్చినవారికి ఆయాసము కలిగించును. పశువులు మేయవు, ఆకలి వలన మేసినచో పాలు చేదెక్కును. 1970 ప్రాంతమునకు బెంగుళూరు నగరపు ఖాళీ స్థలములన్నియు ఈ మొక్కతో నిండిపోయినవి. 1975లో కర్ణాటక ప్రభుత్వము దీనిని హానికరమైన కలుపుగా ప్రకటించినది. పొలిమేరలు మొక్కలకు తెలియవు; హోసూరు, సూళగిరి, కృష్ణగిరి బాటల వెంట కూడ అది సాగివచ్చినది.

పరదేశమునుండి వచ్చిన కలుపునకు దాని పుట్టినింటి శత్రువును వెదకి తెచ్చుట కీటకశాస్త్రజ్ఞుల పద్ధతులలో ఒకటి. నాగజెముడును ఇండియాలో అణచినది ఒక కోచినీలు పురుగు. ఈ కథ మన పెద్దలకు తెలిసినదే. అట్టి శత్రువు ఒక్క కలుపునే తినవలెను, పైరును ముట్టరాదు. వయ్యారిభామకు మెక్సికోలో వెదకినప్పుడు దొరకినది పాలిస్టర్ వర్ణించిన ఈ రెండు రంగుల పెంకుపురుగు. ముందుగా ఆస్ట్రేలియావారు 1980లో క్వీన్స్‌లాండునకు తెచ్చిరి. 1983లో అది మెక్సికోనుండి బెంగుళూరునకు వచ్చినది. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు దానిని బంధించి యుంచి, అనేక పంటమొక్కలను ఎదుట పెట్టి, వేనిని తినునో వేనిని తినదో పరీక్షించిరి. సురక్షితమని తేలిన పిమ్మట 1984లో విడిచిపెట్టిరి.

మొదట నాలుగేండ్లు అది ఉన్నదో లేదో యన్నట్లుండెను. 1988 ప్రాంతమునుండి సంఖ్య ఒక్కుమ్మడిగా హెచ్చి, బెంగుళూరు పరిసరములలో వయ్యారిభామ ఎకరములకొలది ఆకులు రాలి మోడైపోయినది. అట్లు హెచ్చిన పురుగులు తమంత తాముగా ఎగిరి పొరుగుసీమలకు వ్యాపించినవి. కర్ణాటకమునుండి తమిళనాడు, ఆంధ్రదేశముల భాగములకు అది చేరినట్లు 1990 తరువాతి పరిశోధనలు తెలిపినవి. హోసూరు పీఠభూమి బెంగుళూరునకు వాకిలి వంటిది గావున ఈ యాత్రలో తొలి మజిలీలలో ఒకటి.

ఇంతలో చిక్కు వచ్చిపడినది. కర్ణాటకమున కొన్ని చేలలో ఈ పెంకుపురుగు ప్రొద్దుతిరుగుడు ఆకులను కొరుకుచున్నదను వార్త 1991 ప్రాంతమున పుట్టినది. ప్రొద్దుతిరుగుడును, వయ్యారిభామయును వృక్షశాస్త్రము ప్రకారము ఒకే కుటుంబమునకు చెందినవి. కావున భయమునకు ఆధారము లేకపోలేదు. నూనెగింజల పంటపై ఆశపెట్టుకొన్న రైతు, పరదేశపు పురుగును తెచ్చి మా నెత్తిన వేసిరని అడిగినచో అది అన్యాయమైన ప్రశ్న కాదు. అప్పుడు పాలిస్టర్ వ్యాసము అరనుండి మరల దిగివచ్చినది.

ఇంటిపేరు ఒకటైన అన్నదమ్ములను గూర్చి పైన చెప్పబడినది. జైగోగ్రామా ప్రజాతిలో ఎక్స్‌క్లమేషనిస్ అను జాతి యొకటి కలదు. 1798లో దానిని వర్ణించినవాడు మరల ఆ ఫాబ్రీషియసే. దాని వీపుపై చారలలో ఒకటి పొట్టిదై, చివర చుక్కతో ఆశ్చర్యార్థకపు గుర్తువలె నుండుటచే ఆ పేరు. ఉత్తర అమెరికాలో ప్రొద్దుతిరుగుడునకు అది ప్రసిద్ధమైన శత్రువు. అదే ప్రజాతిలోని సూటురాలిస్ అను మరియొకదానిని 1978లో సోవియట్ దేశమువారు అంబ్రోసియా యను కలుపుపై విడిచిరి. మరి బెంగుళూరునకు వచ్చినది వీరిలో ఎవరు? పొరపాటున మరియొక సోదరుడు ఆ పెట్టెలో వచ్చెనా? 1994లో వెలువడిన ఒక పరిశోధన వ్యాసము ఈ పురుగును బైకలరాటా యనక, కంజంక్టా యను వేరొక జాతిగా పేర్కొని, అది ప్రొద్దుతిరుగుడును తినుచున్నదని చెప్పినది. ఒక పేరు ప్రకారము ఆ పురుగు పరీక్షలో నెగ్గిన సేవకుడు. మరియొక పేరు ప్రకారము ఎన్నడును పరీక్షింపబడని అపరిచితుడు. రెక్కల పెంకులపై గోధుమవన్నె చారలు పురుగు పురుగునకు కొంత మారుచుండుట ఈ సంశయమునకు మరింత చోటిచ్చినది.

కేంద్ర ప్రభుత్వము నిజనిర్ధారణకై శాస్త్రజ్ఞుల సంఘమును నియమించెను. క్రొత్తగా పురుగులను విడుచుట కొంతకాలము ఆగినది. ఆ సమయమున జరిగిన పరిశోధనలలో 1993లో ప్రకటింపబడిన ఒకటి మిక్కిలి ఆసక్తికరమైనది. వయ్యారిభామ పుప్పొడి గాలిలో ఎగిరి ప్రక్కచేని ప్రొద్దుతిరుగుడు ఆకులపై పడును. పుప్పొడి పడిన ఆకులను పురుగు కొరికెను. పుప్పొడి లేని ఆకులపై దానికి అట్టి మక్కువ కలుగలేదు. అనగా తన భోజనపు వాసన తగిలిన ఆకును తన భోజనమని భ్రమించినది. వయ్యారిభామను పూర్తిగా తినివేసిన చోట ఆకలిగొన్న గుంపు ప్రక్క చేనిపై వ్రాలుటయు కలదు. కాని ప్రొద్దుతిరుగుడుపై అది తరతరములు నిలిచి వృద్ధిపొందలేదు. పంటను ఆశ్రయించి బ్రదుకు పురుగునకును, దారి తప్పి కొరికిన పురుగునకును గల భేదము రైతునకు ప్రాణప్రదమైనది. ఈ పరీక్షలవలన పురుగుపై పడిన నింద తొలగినది. నేడు శాస్త్రగ్రంథములన్నియు దీనిని బైకలరాటా యనియే వ్యవహరించుచున్నవి. జబల్పూరులోని కలుపు పరిశోధన సంస్థ దీనిని పెంచి ఇతర రాష్ట్రములకు పంపుచు వచ్చినది.

ఇందు ఒక న్యాయము గమనింపదగినది. పరీక్షలు ఎంత జాగ్రత్తగా జరిగినను, అవి ఏ జీవిపై జరిగినవో స్థిరపడనిదే వానికి విలువ లేదు. న్యాయస్థానమున సాక్షి చెప్పినది నిజమేయైనను, బోనులో నున్నవాడు ఆ మనిషియే కాదనినచో వ్యాజ్యము నిలువదు. 1953 నాటి వర్ణనయు, నాటి సేకరణయు లేకున్నచో ఈ తగవును తెంచుటకు ఆధారముండెడిది కాదు. ప్రయోజనము నెరుగక వ్రాసిన వ్రాతకు ముప్పదియెనిమిది ఏండ్ల తరువాత, మరియొక ఖండమున ప్రయోజనము కలిగినది.

వయ్యారిభామ దీనితో నశించిపోయినదని మాత్రము చెప్పరాదు. పురుగు వానకాలపు పనివాడు. వానలు వెనుకబడి నేల ఎండినప్పుడు అది మట్టిలోనికి దూరి, నెలల తరబడి తిండిలేక నిద్రించును. ఆ నెలలలో నీటి తడి గల చోట్ల, కాలువగట్లపై, కలుపు నిర్భయముగా పూచి గింజ రాల్చును. పురుగు లేచునాటికి కొన్నిచోట్ల మొక్క చాల దూరము పోయియుండును. ఒక్క పురుగును నమ్మి చేతులు ముడుచుకొనుట కంటె, పూతకు ముందే పెరికివేయుటయు, ఆ పురుగు చేరిన చోట విషపుమందు కొట్టకుండుటయు మేలు.

హోసూరు, డెంకణికోట, వేపనపల్లి, కృష్ణగిరి ప్రాంతముల తెలుగు రైతులకును, బడిపిల్లలకును ఉపయోగపడు గుర్తులు కొన్ని ఇచట చేర్చుట తగును. వంగ ఆకుపై గుండ్రని రాగివన్నె వీపు, నూగు, అనేకమైన నల్లచుక్కలు గలది వంగ అక్షింతల పురుగు, దానిని ఏరివేయవలెను. చుక్కలను లెక్కించి నిర్ణయింపబూనరాదు, అవి కలసిపోవుచుండును. నూగును, ఆకుపై గీకిన జాడను చూడవలెను. గెనుసుగడ్డ, తూటి తీగలపై గాజంచు గల తాబేలువంటిది ఫాబ్రీషియస్ నాటి మచ్చల పెంకుపురుగు. వయ్యారిభామపై మీగడరంగు వీపున నిలువు చారలు గలది మెక్సికోనుండి వచ్చినది. దాని గ్రుడ్లు ఆకు అడుగుభాగమున పసుపువన్నెతో ఉండును. పిల్లపురుగులును పసుపువన్నెవే, లేతచిగుళ్లలో చేరి తినును. నాలుగు దశలు పెరిగి అవి మట్టిలోనికి దిగి, అచట కోశస్థ దశ గడపి, పెంకుపురుగులై పైకి వచ్చును. వేసవి చివర, మొదటి జల్లులు పడిన కొద్దిదినములకు, బాట ప్రక్క వయ్యారిభామ మొలకలను పరికించినచో, నేలనుండి లేచివచ్చిన మొదటి పురుగులు కనబడును.